చప్పిడి వైరాగ్యం

నాకు వచ్చింది పేరున్న రోగమేమీ కాదు. రక్తంలో ఉప్పు తగ్గింది, అంతే. ఈ మాట చెబితే చాలామంది నవ్వుతారు, "ఉప్పు తగ్గితే కూడా ఐసీయూలో పెడతారా సార్?" అని. పెడతారు. సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాలి. నాకు 111కి పడిపోయింది. ఆ తేడాలోనే ఎక్కడో నేను కూడా తప్పిపోయాను.

మాది హన్మకొండ. డిగ్రీ కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరయ్యాను. ఆదివారం సాయంత్రాలు మా కాలనీ గుళ్లో పదిపదిహేను మందికి ఉపనిషత్తులు చెబుతుంటాను. దేహం నేను కాదు, మనసు నేను కాదు, చూసేవాడు వేరు అనే పాఠం నా నోట్లో ఎంత నలిగిందంటే, నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. (ఇది నేనే గొప్పగా చెప్పుకున్న మాట. నిజంగా లేపి అడిగిన రోజు ఏం చెప్పానో ముందుముందు రాస్తాను.)

మూడేళ్ల కింద బీపీ వచ్చింది. డాక్టర్ ఉప్పు తగ్గించమన్నాడు. నేను పూర్తిగా మానేశాను. చప్పిడి పప్పు, చప్పిడి కూర, మజ్జిగలో కూడా ఉప్పు లేదు. మొదట్లో కష్టమైంది, తర్వాత అదొక గర్వమైంది. పెళ్లిళ్లకు పోతే నాకోసం వేరే వండించేవాణ్ణి. నాలుకను గెలవనివాడు మనసునేం గెలుస్తాడు అని ఆదివారం పాఠంలో నా చప్పిడి కూడునే ఉదాహరణగా చెప్పేవాణ్ణి. నేను చూడకుండా మా ఆవిడ పచ్చిపులుసులో చిటికెడు వేస్తే కనిపెట్టి కంచం పక్కకు జరిపేవాణ్ణి. ఆమె ఏమీ అనకుండా కంచం తీసుకుపోయేది. ఆ దృశ్యం ఇప్పుడు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

పోయిన మే నెలలో ఒక పెళ్లికి పరకాల పోయివచ్చిన మర్నాడు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. వీధి చివర క్లినిక్‌లో చూపిస్తే "ఎండదెబ్బ, గ్యాస్. నీళ్లు బాగా తాగండి" అన్నారు. రక్తపరీక్ష లేదు. ఏ బీపీ గోలీ వేసుకుంటున్నారని అడగలేదు. నాది ఒంట్లోని నీళ్లతో పాటు ఉప్పును కూడా మూత్రంలోకి తోసేసే రకం గోలీ. అది రోజూ తప్పకుండా వేసుకుంటూ, అన్నం ముట్టకుండా, రాగి చెంబుతో నాలుగు రోజులు నీళ్లే తాగాను. ఉన్న కాస్త ఉప్పూ పలచబడిపోయింది. రక్తం అట్లా పలచబడితే నీళ్లు మెదడు కణాల్లోకి చేరి అవి ఉబ్బుతాయట. ఆ సంగతి తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసింది తల బరువుగా ఉందని మాత్రమే.

మూడో రోజు కళ్లద్దాలు అడగబోయి చెప్పులు ఇవ్వమన్నానట. ఆవిడ ఫోన్ చేసి చెబితే మా వాడు బెంగళూరు నుంచి "వయసు గదా అమ్మా, టెన్షన్ పడకు" అన్నాడు. వాడి మీద నాకు కోపం లేదు అని రాయాలనుంది కానీ కొంచెం ఉంది. నాలుగో రోజు సాయంత్రం బిడ్డ కరీంనగర్ నుంచి వచ్చి "బాపూ" అంటే, ముఖంలోకి చూసి "మీదే ఊరమ్మా?" అని మర్యాదగా అడిగానట. పదినిమిషాల్లో కారు ఎక్కించారు.

ఆసుపత్రిలో మొదటి రోజు నాకు లేదు. సూదులు, స్కానింగ్, సంతకాలు అన్నీ వాళ్లు చెబితే విన్నవే. నాకు గుర్తున్నది రెండో రాత్రి.

ఆ రాత్రి నేను కాజీపేట జంక్షన్‌లో ఉన్నాను. మానిటర్ల కూతలు నాకు అనౌన్స్‌మెంట్లు. పక్క మంచం మీద తెల్లదుప్పటి కప్పుకుని పడుకున్నది మా బాపు, చనిపోయి ముప్పై ఏళ్లయిన మా బాపు. ఇద్దరం ఎక్కాల్సిన బండి వచ్చేసింది, కానీ నా చేతులు కదలవు. సెలైన్ సూది పీకేశానని చేతులు మంచానికి కట్టేశారు. నాకేమో ఎవరో టికెట్ లేదని కట్టేసినట్టే ఉంది. పైనుంచి ఒక పాము మెల్లగా నా మోచేతి మీదికి దిగుతున్నది. సన్నగా, తెల్లగా.

అది సెలైన్ గొట్టం. విచిత్రమేమిటంటే ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. తాడును చూసి పామనుకునే ఉదాహరణ ఎన్ని వందలసార్లు చెప్పానో. మాండూక్యోపనిషత్తు మీద గౌడపాదులు రాసిన కారికలో 'అంధకారే' అనే మాట స్పష్టంగా ఉంది: చీకట్లో తాడు పాములా తోస్తుంది, తాడని నిశ్చయం కాగానే పాము పోతుంది. ఐసీయూలో చీకటెక్కడిది? తెల్లవార్లూ ట్యూబులైట్లే. "ఇది రజ్జువు, ఇది రజ్జువు" అని పైకే అనుకున్నాను. గొట్టమని తెలుసు, పాము కదులుతూనే ఉంది. తెలియడానికీ భయం పోవడానికీ మధ్య ఇంత దూరం ఉంటుందని నేను ఏ ఆదివారమూ చెప్పలేదు.

అప్పుడు అరవడం మొదలుపెట్టాను. ఏమని? "నేనెవరో తెలుసా మీకు? నేనెవరో తెలుసా?" అని. సిస్టర్‌ను, అటెండర్‌ను, సెలైన్ స్టాండును కూడా అడిగానట. 'నేనెవరు' అని విచారించుకోమని ఇరవై ఏళ్లు ఊరికి చెప్పినవాణ్ణి, తీరా సమయం వచ్చేసరికి ఎస్సై ముందు చిన్న నాయకుడు అరిచినట్టు అరిచాను.

ఆ గొడవకు మా ఆవిడను లోపలికి పిలిపించారు. డ్యూటీ డాక్టర్, కుర్రవాడు, చేతిలో ఫోన్ చూసుకుంటూనే అన్నాడు: "ఇప్పుడాయన ఆయన కాదమ్మా. ఏం మాట్లాడినా పట్టించుకోకండి."

ఆ రాత్రిలో మిగతాదంతా ముక్కలు ముక్కలు. ఈ ఒక్క వాక్యం మాత్రం రాయి మీద చెక్కినట్టుంది. నేను అక్కడే ఉన్నాను. వింటున్నాను. నేను నేను కాకపోతే ఆ మాటకు గుండె జారిందెవరికి? గుళ్లో ఎవరైనా ఇదే ప్రశ్న అడిగితే మెచ్చుకుని గంటసేపు జవాబు చెప్పేవాణ్ణి. కట్టేసిన చేతులతో వింటే అది ప్రశ్నలా లేదు, నా ఇంట్లోంచి నన్ను బయటికి గెంటి తలుపేసినట్టుంది.

మా ఆవిడ ఇచ్చిన జవాబు తర్వాత బిడ్డ చెప్పింది. "ఆయన గాకపోతే ఎవరు సారూ? ఇంట్ల పప్పుల ఉప్పు పడితే గూడ గిట్లనే అరుస్తరు" అన్నదట. సిస్టర్ నవ్విందట. ఆవిడ నవ్వలేదట. కుర్చీ దొరక్క తెల్లవార్లూ నా కాళ్ల దగ్గర నిలబడే ఉంది.

ఆ కుర్ర డాక్టర్ మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదు. కానీ ఒక మాట రాయకపోతే అన్యాయం. సోడియం పడిపోయిందని ఒక్కసారిగా ఎక్కిస్తే మెదడుకు తిరిగిరాని దెబ్బ తగలొచ్చట. రోజుకు ఎనిమిది, పది కంటే మించకుండా పెంచాలి. అందుకని మామూలు సెలైన్ కంటే చిక్కనిది, మూడు శాతం ఉప్పు ఉన్నది, బొట్టుబొట్టుగా ఎక్కిస్తూ కొన్ని గంటలకోసారి రక్తం తీసి చూసింది ఆ కుర్రవాడే. అంకె తొందరగా పెరుగుతుంటే రాత్రి మూడింటికి వచ్చి ఆపించాడు. నన్ను నేను కాదన్నవాడే నన్ను మళ్లీ నాకు తెచ్చిచ్చాడు. ఈ రెంటినీ కలిపి ఒక లెక్క తేల్చడం నాకు చేతకాలేదు.

నాలుగో రోజుకు 126. పాము పోయింది. పక్క మంచం మీది మనిషి మా బాపు కాదు, జనగామ వైపు రైతు. వార్డుకు మార్చాక ఆదివారం శ్రోతల్లో ఒకాయన పండ్లు పట్టుకొచ్చాడు. మూత్రం సంచీ వేలాడుతున్న మంచం పక్కన కూర్చుని, "మీకేం సార్, ఈ దేహం మీరు కాదని మీకు తెల్సు గదా" అన్నాడు. పాపం ఓదార్పుగానే అన్నాడు. నాకు మాత్రం ఆ బత్తాయిలు ఆయన మీదికే విసరాలనిపించింది. గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆ మాట ఆయనకు నేర్పింది నేనే గదా.

ఇంటికి వచ్చాక ఛాందోగ్యోపనిషత్తు తీశాను. ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుతో నీళ్లలో ఉప్పు వేయిస్తాడు. మర్నాడు ఉప్పు తీసి ఇమ్మంటాడు. కనిపించదు. పైన, మధ్యలో, అడుగున రుచి చూడమంటాడు, అంతటా ఉప్పే. సత్యం కూడా అట్లే కనిపించకుండా అంతటా ఉంది, అదే నువ్వు అంటాడు. దీన్ని నేను గ్లాసు, చెంచా తెచ్చి మరీ చూపించేవాణ్ణి. దానికి కొంచెం ముందు ఇంకో ఘట్టం ఉంది. అది ఎప్పుడూ రెండు నిమిషాల్లో దాటేసేవాణ్ణి. పదిహేను రోజులు అన్నం తినకు, నీళ్లు మాత్రం కావలసినన్ని తాగు అంటాడు తండ్రి. పదహారో రోజు వేదం చెప్పమంటే, "ఏదీ తోచడం లేదు" అంటాడు కొడుకు. పెద్ద నిప్పు ఆరిపోయి మిణుగురంత రవ్వ మిగిలితే అది దేన్ని కాలుస్తుంది, పోయి తిను అంటాడు తండ్రి. తిని వచ్చాక అడిగినవన్నీ చెబుతాడు. మనసు అన్నమయం, ప్రాణం నీటిమయం అని పాఠం.

నీళ్లు మాత్రమే తాగి నాలుగు రోజులు గడిపి, ప్రాణం నిలిచి మనసు పోయినవాడికి ఆ పుట మీద కన్నీళ్లు రాక ఏం చేస్తాయి? ఉపనిషత్తులో సోడియం ఉందని చెప్పే వాట్సాప్ పండితుల్లో నన్ను కలపకండి. అందులో సోడియం లేదు. కానీ 'అదే నువ్వు' అనే ముందు కొడుక్కి అన్నం పెట్టించిన తండ్రి ఉన్నాడు. అది నేను చదివీ చదవలేదు.

మరి సాక్షి మాటేమిటి? ఆ రాత్రి అన్నిటినీ చూస్తూ చలించనివాడు ఒకడున్నాడా అని నన్ను ఇద్దరు ముగ్గురు అడిగారు. చూసినవాడు ఉన్నాడు. చలించకుండా మాత్రం లేడు, గజగజ వణికాడు. శాస్త్రం చెప్పే సాక్షి ఇంకా లోపల ఉంటే ఉండొచ్చు. నాకు ఆ రాత్రి కనిపించలేదు. ఇప్పుడు గుళ్లో ఇట్లాగే చెబుతున్నాను. ఇద్దరు రావడం మానేశారు.

అరవై దాటినవాళ్లకు ఒక్కటి చెప్పాలి. బీపీకి నాలాగా నీళ్లగోలీ, అంటే నీళ్లనూ ఉప్పునూ మూత్రంలోకి తోసే గోలీ, కలిసిన మందు వాడుతున్నారేమో డాక్టర్‌ను అడిగి తెలుసుకోండి. వాంతులు, విరేచనాలు అయితే ఉత్త నీళ్లు తాగుతూ కూర్చోకండి, ఆ గోలీ ఆపాలా వద్దా అని వెంటనే అడగండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నట్టుండి మాట తడబడితే వయసని వదిలేయకుండా సోడియం పరీక్ష చేయించండి. దానికి పెద్ద ఖర్చేం కాదు. మేం కట్టిన బిల్లు ముందు అసలు ఖర్చే కాదు. జగత్తు మిథ్య అయితే అయింది, ఆ బిల్లు మాత్రం సత్యం.

నేను కట్టేసి ఉన్న రాత్రి మా ఆవిడ సమ్మక్కకు నిలువెత్తు బంగారం మొక్కుకుందట. ముందైతే నేను ఆ మాటకే ముఖం చిట్లించేవాణ్ణి. మొన్న మాఘమాసంలో మేడారం పోయాం. నన్ను తూకం వేస్తే 57 కిలోలు. జబ్బుకు ముందు 64 ఉండేవాణ్ణి. అంత బెల్లం తూచి ఇచ్చారు. అక్కడ దాన్ని ఎవరూ బెల్లం అనరు, బంగారమే అంటారు. మట్టికి కుండ అన్నది పేరు మాత్రమే అని అదే ఛాందోగ్యం పట్టుకుని వాదించేవాణ్ణి, ఆ జనంలో భుజం మీద నా బరువులో కొంత మోస్తూ నోరెత్తలేదు. గద్దెల దగ్గర ఆవిడ ఏం చెప్పుకుందో వినిపించలేదు. కళ్లు తుడుచుకోవడం చూశాను.

ఆసుపత్రిలో రోజూ పొద్దున అడిగేవారు: ఇవాళ ఏ వారం, మీరెక్కడున్నారు, ఈమె ఎవరు అని. ఆవిడ ఆ అలవాటు ఇంట్లోనూ సాగిస్తున్నది. చాయ్ ఇస్తూ మాటల్లో కలిపి అడుగుతుంది, నాకు తెలియదనుకుంటుంది. పోయిన బుధవారం సరదాకు "కాజీపేట స్టేషన్‌ల ఉన్నం, బండి లేటు" అన్నాను. గ్లాసు పట్టుకున్న చేయి అట్లాగే ఆగిపోయింది. ముఖంలో రక్తం లేదు. "మన ఇల్లు, హన్మకొండ, బుధవారం" అన్నాను గబగబా. మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు. ఆ పూట పప్పులో ఉప్పు బాగా ఎక్కువ పడింది. కంచం జరపకుండా తిన్నాను.