యూఎస్‌డీఏ హోమ్ లోన్: ఆదాయం రెండుసార్లు లెక్కేస్తారు

అమెరికాలో డౌన్ పేమెంట్ లేకుండా ఇల్లు కొనాలంటే, మిలిటరీతో సంబంధం లేనివాళ్లకు ఉన్న మంచి దారి యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) గ్యారంటీడ్ లోన్. వ్యవసాయ శాఖ పేరు చూసి పొలం కొనాలేమో అనుకోకండి. మామూలు ఇల్లే, కానీ మీరే ఉండాలి, అద్దెకిస్తామంటే కుదరదు. డబ్బిచ్చేది ప్రైవేటు లెండరు, పూచీ ప్రభుత్వానిది. 30 ఏళ్లు, ఫిక్స్‌డ్ వడ్డీ.

హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు ఇది రాదు. సాధారణంగా సిటిజన్‌షిప్పో గ్రీన్ కార్డో ఉండాలి.

ఇల్లు యూఎస్‌డీఏ గ్రామీణ ప్రాంతంగా లెక్కేసే చోట ఉండాలి. దాని మ్యాప్‌లో ఊరి పేరు కాకుండా ఇంటి అడ్రస్ కొట్టి చూడండి. ఒకే ఊళ్లో ఒక వీధికి అర్హత ఉండి పక్క వీధికి లేకపోవచ్చు. పెద్ద నగరాల శివార్లలో కూడా అర్హత ఉన్న చోట్లు దొరుకుతాయి.

అసలు చిక్కు ఆదాయం దగ్గర. మొదటి లెక్క అర్హత కోసం: ఆ ఇంట్లో ఉండబోయే పెద్దవాళ్ల సంపాదన కలుపుతారు, లోన్‌లో పేరున్నా లేకపోయినా. చిన్నపిల్లల డేకేర్ ఖర్చు లాంటివి తీసేశాక అది ఆ ప్రాంతపు మీడియన్ (సగం ఇళ్లకు ఎక్కువ, సగం ఇళ్లకు తక్కువ ఉండే మధ్య) ఆదాయంలో 115 శాతం దాటకూడదు. పరిమితి 1–4 మందికి ఒకటి, 5–8 మందికి ఇంకొకటి. అంటే నలుగురున్న ఇంటికి అమ్మ కూడా వచ్చి ఉంటే ఐదుగురవుతారు, పెద్ద పరిమితి వర్తిస్తుంది. ఇద్దరూ ఐటీలో ఉంటే చాలాచోట్ల ఇక్కడే ఆగిపోతారు.

రెండో లెక్క తీర్చే స్తోమత కోసం. ఇందులో అప్లై చేసినవాళ్ల ఆదాయమే చూస్తారు. ఇంటి వాయిదా అందులో 29 శాతం, అన్ని అప్పులూ కలిపి 41 శాతం లోపు ఉండాలి. ప్రొఫైల్ బలంగా ఉంటే కొంచెం సడలిస్తారు. గ్రీన్ కార్డున్న భార్య ఒక్కతే అప్లై చేస్తే, హెచ్-1బి భర్త జీతం మొదటి లెక్కలోకి వస్తుంది, రెండోదాంట్లోకి రాదు. టెక్సాస్, కాలిఫోర్నియా లాంటి కమ్యూనిటీ ప్రాపర్టీ (భార్యాభర్తల ఆస్తులూ అప్పులూ ఉమ్మడిగా చూసే) రాష్ట్రాల్లో ఆయన కారు లోన్ మాత్రం రెండోదాంట్లోకీ వస్తుంది. జీతం పనికిరాదు, అప్పు మాత్రం లెక్కే!

ఫీజు ముందుగా 1 శాతం, లోన్‌లోనే కలుపుకోవచ్చు. శాతం లెక్కగట్టేది ఫీజు కూడా కలిపిన మొత్తం మీద కాబట్టి 2.5 లక్షల డాలర్లకు సుమారు 2,525 అవుతుంది. పైన మిగిలిన లోన్ మీద ఏటా 0.35 శాతం, మొదట్లో నెలకు 73 డాలర్ల దాకా పడుతుంది, లోన్ ఉన్నన్నాళ్లూ పోదు. చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటుంది: ధర 2.5 లక్షలై, అప్రైజల్ (ఇంటికి కట్టిన విలువ) 2.56 లక్షలొస్తే, ఆ 6,000 క్లోజింగ్ ఖర్చులకు (కొనుగోలు పూర్తయ్యేటప్పుడు కట్టేవి) లోన్‌లోనే తీసుకోవచ్చు.

బావి నీళ్ల ఇల్లయితే నీటి పరీక్ష తప్పదు, సెప్టిక్ ట్యాంకుకూ బావికీ మధ్య దూరం కూడా చూస్తారు. ఆఫర్ పెట్టిన వారంలోనే పరీక్ష చేయించండి. బ్యాక్టీరియా కనబడితే క్లోరిన్ వేసి మళ్లీ పరీక్షించడానికి టైం కావాలి.

లెండరు ఓకే అన్నాక ఫైలు యూఎస్‌డీఏకి వెళ్లి కండిషనల్ కమిట్‌మెంట్ (షరతులతో పూచీ ఇస్తామన్న కాగితం) రావాలి. అక్టోబరు 1న ఫెడరల్ బడ్జెట్ ఏడాది మారుతుంది. బడ్జెట్ పాసవక ప్రభుత్వ ఆఫీసులు మూతపడితే (షట్‌డౌన్) కొత్త కమిట్‌మెంట్లు ఆగిపోతాయి. సెప్టెంబరు చివర్లో కాంట్రాక్టు రాస్తుంటే క్లోజింగ్ పొడిగించుకునే క్లాజు పెట్టించి, రేట్ లాక్‌ను (వడ్డీ రేటు మారకుండా పట్టి ఉంచే గడువు) కూడా దానికి తగ్గట్టు తీసుకోండి.