అక్కరకు రాని జ్ఞానం వల్ల మేలుందా?

చంద్రగ్రహణం ప్రతి పౌర్ణమికీ ఎందుకు రాదో తెలిసినందువల్ల నా జీతం పెరగదు, ఆరోగ్యం కుదుటపడదు. చంద్రుడు తిరిగే దారి భూమి తిరిగే దారికి దాదాపు 5 డిగ్రీలు వాలి ఉన్నందున, చాలా పౌర్ణములలో చంద్రుడు భూమి నీడకు పైనుంచో కిందినుంచో తప్పుకుపోతాడు. ఈ సంగతి అర్థమైనందువల్ల నా జీవితం కొంతైనా మెరుగైందని నేను గట్టిగా నమ్ముతాను.

మనిషికి శ్రేయస్సు అంటే ఏమిటన్న ప్రశ్నకు వచ్చిన జవాబులను బ్రిటిష్ తత్వవేత్త డెరెక్ పార్ఫిట్ 1984లో మూడు తెగలుగా విడదీశాడు. సుఖమే శ్రేయస్సనేది మొదటిది, కోరికలు నెరవేరడమే శ్రేయస్సనేది రెండవది, మనం కోరుకున్నా కోరుకోకపోయినా కొన్ని మనకు మేలే చేస్తాయనేది మూడవది. జ్ఞానానికి స్వతహాగా విలువ ఉందనేవారు ఎక్కువగా ఈ మూడో తెగలోనే కనిపిస్తారు.

ఇద్దరు మనుషులను ఊహించుకుందాం. ఒకాయన డాబా మీద నిలబడి, రాహువు చంద్రుణ్ణి మింగుతున్నాడని నమ్మి, ఆ దృశ్యానికి పరవశించిపోతున్నాడు. పక్క డాబా మీదున్న ఆవిడకూ అంతే పరవశం. అయితే చంద్రుడి మీద పాకుతున్నది తాను నిలబడిన భూమి నీడేనని, దాని అంచు వంపు తిరిగి ఉండటానికి భూమి గుండ్రంగా ఉండటమే కారణమని, ఆ ఎరుపు మన వాతావరణంలో వంగి అక్కడికి చేరిన సూర్యకాంతి అని ఆమెకు తెలుసు. (నీడ సంగతి ఆర్యభటుడు 499 నాటికే రాసిపెట్టాడు.) సుఖవాదం లెక్కలో ఈ ఇద్దరూ సమానమే. నాకు మాత్రం ఆమె స్థితే మెరుగనిపిస్తుంది, ఎందుకంటే ఆమె ఆనందం నిజంగా అక్కడ జరుగుతున్నదానికి ముడిపడి ఉంది.

కోరికల సిద్ధాంతం దీన్ని మరోలా వివరిస్తుంది: ఆమె తెలుసుకోవాలనుకుంది, తెలుసుకుంది, కనుక ఆమెకు మేలు జరిగింది. ఇక్కడ వరస తారుమారైందని నా అభిప్రాయం. గ్రహణం గురించి తెలుసుకోవడం విలువైనదని తోచబట్టే మనకు తెలుసుకోవాలన్న కోరిక పుడుతుంది తప్ప, కోరిక పుట్టినందువల్ల దానికి విలువ రాలేదు.

ఇసుక రేణువులను లెక్కపెట్టడం కూడా జ్ఞానమే కదా అన్న అభ్యంతరం బలమైనదే. అందుకే నేను విలువను విడివిడి వాస్తవాలలో కాక, వాటి మధ్య కార్యకారణ సంబంధం బోధపడటంలో చూస్తాను. కక్ష్య వాలు ఒక్కటి తెలిస్తే, సూర్యగ్రహణం ప్రతి అమావాస్యకూ ఎందుకు రాదో కూడా దానంతటదే విడివడుతుంది. రేణువుల సంఖ్య అలా దేన్నీ విప్పదు.

దీనికన్నా కష్టమైన ప్రశ్న, బాధించే జ్ఞానం గురించినది. 2007లో తన జన్యుక్రమాన్ని పూర్తిగా చదివించుకున్న డీఎన్ఏ శాస్త్రవేత్త జేమ్స్ వాట్సన్, అల్జీమర్స్ (జ్ఞాపకశక్తిని హరించే మెదడు జబ్బు) ముప్పును సూచించే ఏపీఓఈ జన్యువు వివరం మాత్రం తనకు చెప్పవద్దన్నాడు. జ్ఞానానికి స్వతహాగా విలువ లేదనడానికి దీన్ని రుజువుగా చూపేవారితో నేను ఏకీభవించను. స్వతహాగా విలువైనది అన్నిటికన్నా విలువైనది కానక్కరలేదు. ఆ వివరం తెలియకపోవడంలో ఆయనకు కొంత నష్టం ఉంది, మనశ్శాంతి అంతకన్నా ఎక్కువ తూగింది. ఆ తూకం మనిషి మనిషికీ మారుతుంది కనుక, ఇలాంటి పరీక్షల ఫలితం తెలుసుకోవాలా వద్దా అన్న నిర్ణయాన్ని డాక్టర్లూ బంధువులూ కాక ఆ వ్యక్తే తీసుకోవాలి.