పదిహేడో ఫ్లైట్: మళ్లీ అదే గెంతు

మళ్లీ అంతే. చేతిలోంచి వదిలిన మూడు సెకన్లకు నా రేడియో కంట్రోల్ మోడల్ విమానం ముక్కు పైకెత్తింది, గాల్లో ఒక్క క్షణం ఆగింది, ఎడమ రెక్క వాల్చి గడ్డిలో దిగబడింది. ప్రొపెల్లర్ బ్లేడుకు చిన్న గీత పడిందంతే, ఇంకేమీ విరగలేదు. నిజం చెప్పాలంటే విరిగినా బాగుండేదనిపించింది. కొత్తది మొదలుపెట్టడానికి ఓ సాకైనా దొరికేది.

మోడల్ గురించి క్లుప్తంగా: 1400 మి.మీ. బల్సా (తేలిక చెక్క) రెక్క, మధ్య భాగం కార్డ్ (ముందు అంచు నుంచి వెనక అంచు దాకా వెడల్పు) 200, చివర 150. ఐలెరాన్లు (రెక్కల మీది కదిలే పలకలు) లేవు, రడ్డర్ (పక్కలకు తిప్పే తోక పలక), ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక), మోటారు మాత్రమే. ఎగిరే బరువు 860 గ్రాములు. రెక్క చదరపు డెసీమీటరుకు దాదాపు 32 గ్రాములు పడుతుంది కాబట్టి బరువును తిట్టడానికి లేదు. ఫ్యూజ్‌లాజ్ (విమానం మొండెం), కవరింగ్, మోటారు అన్నీ మొదటిసారే కుదిరాయి. ఎగరడమొక్కటే కుదరలేదు.

రోగం ఏమిటంటే, త్రాటిల్ (మోటారు పవర్) ఇస్తే లూప్ కొట్టేటంతగా ముక్కెత్తుతుంది. త్రాటిల్ తీస్తే గుర్రంలా గెంతుతూ వస్తుంది: ఎక్కడం, స్టాల్ (రెక్క మోయలేక పడిపోవడం), దూకడం, మళ్లీ ఎక్కడం. అందరూ చెప్పే మొదటి మందు సీజీ (విమానం బరువు కేంద్రం). ముందు అంచు నుంచి 66 మి.మీ. దగ్గర ఉన్నదాన్ని ముక్కులో 24 గ్రాముల సీసం పెట్టి 58కి తెచ్చాను. గెంతులు కొంచెం తగ్గాయి. కానీ దిగేటప్పుడు వేగం పెరిగింది, పవర్‌తో ముక్కెత్తడం అలాగే ఉంది. తర్వాత మోటారు. పై స్క్రూల వెనక 0.9 మి.మీ. వాషర్లు వేసి డౌన్‌థ్రస్ట్‌ను (మోటారు కిందికి వంగిన కోణం) 2 డిగ్రీల నుంచి 4కి పెంచాను. ఏడు, ఎనిమిది ఫ్లైట్లు దానికే పోయాయి. సగం త్రాటిల్‌లో బుద్ధిగా, ఫుల్ త్రాటిల్‌లో మళ్లీ మొదటికి.

అప్పుడు ఇన్సిడెన్స్ (తోకతో పోలిస్తే రెక్క కూర్చున్న కోణం) కొలిచాను. ఇక్కడ నా తెలివితక్కువతనం ఒప్పుకోవాలి. రెక్క అడ్డుకోత ఆకారం క్లార్క్-వై, అడుగు చదునుగా ఉంటుంది. ఆ అడుగున మీటర్ ఆనించి తోకతో పోల్చి 2 డిగ్రీలు అని రాసుకుని తృప్తిపడ్డాను. కానీ క్లార్క్-వైలో ముందు అంచు మొన, చదును అడుగు కంటే కార్డ్‌లో 3.5 శాతం ఎత్తులో ఉంటుంది. 200 మి.మీ. కార్డ్‌కు అది 7 మి.మీ., అంటే ఇంకో 2 డిగ్రీలు. అసలు తేడా 4 డిగ్రీలన్నమాట. వేగం పెరిగే కొద్దీ పైకి లాగక ఏం చేస్తుంది! రెక్క వెనక అంచు కింద 3.5 మి.మీ. ప్లైవుడ్ ముక్క పెట్టి ఒక డిగ్రీ తగ్గించాను. డౌన్‌థ్రస్ట్ పెంచడం కంటే ముందు చేయాల్సిన పని ఇది. వాషర్లు రోగాన్ని దాచిపెడతాయి, అంతే.

పన్నెండో ఫ్లైట్ అద్భుతం. చేతులు స్టిక్స్ మీద నుంచి తీసి చూస్తూ నిలబడ్డాను. పదమూడు, అవే ట్రిమ్‌లు (ఎలివేటర్ న్యూట్రల్‌ను జరిపే చిన్న సర్దుబాట్లు), అదే బ్యాటరీ, గాలి లేదు: వదలగానే నేలవైపు దూకింది. పద్నాలుగు, మళ్లీ గెంతులు.

నాకు పిచ్చెక్కింది ఇక్కడే. ఏరోడైనమిక్స్ తప్పయితే తప్పు ప్రతిసారీ ఒకేలా ఉండాలి కదా. సీజీ రాత్రికి రాత్రే కదలదు (బ్యాటరీ స్ట్రాప్ జారుతోందేమోనని గీత గీసి చూశాను, జారలేదు). రెక్క సీటు ఊగుతోందా? లేదు, రెండు నైలాన్ బోల్టులూ బిగుతే. ఎండకు పుష్‌రాడ్ (ఎలివేటర్‌ను కదిపే కడ్డీ) సాగుతోందా? నైలాన్ రాడ్ అయితే నమ్మేవాణ్ని. 700 మి.మీ. పొడవున్నది 20 డిగ్రీలు వేడెక్కితే మిల్లీమీటరు దాకా సాగుతుంది, అందుకే ఎలివేటర్‌కు దాన్ని వాడొద్దంటాను. నాది స్టీల్ వైరు. అలా పదిహేడో ఫ్లైట్ కూడా గడ్డిలో ముగిసింది.

సాయంత్రం బల్ల మీద పెట్టి ఎలివేటర్ వెనక అంచు పక్కన స్కేలు నిలబెట్టాను. స్టిక్ పైకి లాగి నెమ్మదిగా వదిలితే ఎలివేటర్ న్యూట్రల్ కంటే 1 మి.మీ. పైన ఆగింది. కిందికి తోసి వదిలితే 1 మి.మీ. కింద. మొత్తం 2 మి.మీ. తేడా! 35 మి.మీ. ఎలివేటర్ మీద అది మూడు డిగ్రీల పైమాటే. నేను ట్రిమ్ నొక్కుతున్నది ఒక్కో క్లిక్కుకు 0.2 మి.మీ. చొప్పున. ఇన్నాళ్లూ దేన్ని ట్రిమ్ చేస్తున్నానో దేవుడికే ఎరుక.

దోషులు ఇద్దరు. మొదటిది సర్వో (పుష్‌రాడ్‌ను కదిపే చిన్న మోటారు). పేరు చెప్పను, చవగ్గా దొరికే రకం, వేలితో కదిపితేనే గేర్లు వదులని తెలుస్తుంది. ఈ బిల్డ్‌లో పిసినారితనం చూపింది అక్కడొక్కచోటే. రెండోది పుష్‌రాడ్ ట్యూబ్: మూడో ఫార్మర్ (మొండెంలోని అడ్డు చట్రం) దగ్గర కొంచెం వంగి ఉంది, వైరు అక్కడ పట్టేస్తోంది. పైగా లింకేజీ నేనే తలకిందులుగా పెట్టాను. సర్వో ఆర్మ్‌పై ఇరుసు నుంచి 12 మి.మీ. దూరంలోని రంధ్రం, ఎలివేటర్ హార్న్‌పై (పుష్‌రాడ్ తగిలించే చిన్న చెయ్యి) 10. అంటే సర్వోలో ఉన్న వదులును ఇంకాస్త పెంచి తోకకు పంపుతున్నాను. ఆర్మ్‌పై 7కి, హార్న్‌పై 16కి మార్చగానే 2 మి.మీ. తేడా 0.7 అయింది. ఫార్మర్ రంధ్రం గుండ్రటి ఆకురాయితో పెద్దది చేసి ట్యూబ్‌ను తిన్నగా చేశాక 0.3. త్రో (ఎలివేటర్ కదిలే మేర) తగ్గింది, కానీ ఈ మోడల్‌కు అంత త్రో ఎప్పుడూ అవసరం పడలేదు.

అదే ఊపులో ఎడమ రెక్క కూడా చూశాను. చివర వెనక అంచు కుడివైపు కంటే 2 మి.మీ. కిందికి తిరిగి ఉంది. మామూలుగా ఎగిరేటప్పుడు కుడికి లాగడం, స్టాల్‌లో మాత్రం ఎడమకి పడడం ఎందుకో అర్థమైంది. ఒరాకవర్‌ను (రెక్కకు అతికించిన ఫిల్మ్) ఐరన్‌తో వేడిచేసి ఎదురు మెలితిప్పి పట్టుకున్నాను, సరిపోయింది. మళ్లీ మళ్లీ వేడిచేసినా ఓర్చుకుంటుంది కాబట్టే నాకు ఆ ఫిల్మ్ అంటే ఇష్టం.

రెండు రోజుల తర్వాత చేర్చినది: పద్దెనిమిది, పంతొమ్మిది అయ్యాయి. రెండూ ఒకేలా ఎగిరాయి! గొప్పగా కాదు, ఒకేలా. అందుకే ఇప్పుడు డైవ్ టెస్ట్‌కు అర్థం వచ్చింది. 45 డిగ్రీల్లో దూకించి స్టిక్ వదిలేస్తే రెండుసార్లూ గట్టిగా పైకి తిరిగింది. ముక్కు బరువు ఎక్కువ, దాన్ని మోయడానికి తోక కిందికి నొక్కుతోంది. కాబట్టి పెట్టిన సీసంలో 10 గ్రాములు తీసేస్తున్నాను, వెంటే రెండు క్లిక్కులు డౌన్ ట్రిమ్. ఆ అదనపు వాషర్లు కూడా పీకి డౌన్‌థ్రస్ట్‌ను 2 డిగ్రీలకే తెస్తాను, కానీ రెండు మార్పులూ ఒకే ఫ్లైట్‌లో కాదు.

మంచి సర్వో ఎలాగూ కొనాలి. హైటెక్ హెచ్ఎస్-55 పాతదే, అయినా నా మిగతా మోడళ్లలో న్యూట్రల్‌కు బాగానే వస్తోంది. తోకలోనే సర్వో పెట్టేస్తే పుష్‌రాడ్ గొడవే ఉండదు కదా అని లెక్కేశాను: 9 గ్రాముల సర్వో సీజీకి 650 మి.మీ. వెనక కూర్చుంటే, 300 మి.మీ. ముందున్న ముక్కులో 20 గ్రాములు పెట్టాలి. ఈ మోడల్‌కు వద్దు. తర్వాతి దానికి కార్బన్ ట్యూబ్ బూమ్ (తోకను మోసే గొట్టం), కెవ్లార్ దారంతో పుల్-పుల్ (రెండు దారాలతో అటూ ఇటూ లాగే పద్ధతి) అనుకుంటున్నాను. దారం బిగువు ఎక్కువైతే సర్వో బేరింగ్ అరుగుతుందని ఒక భయం. ముందు పాత బూమ్ ముక్క మీద దారం కట్టి, అదే స్కేలు పెట్టి చూస్తాను.