ఒక వార్త కత్తిరింపు, కొన్ని మస్టర్లు

రాజస్థాన్‌లోని బ్యావర్ పట్టణంలో 1996 ఏప్రిల్ 6న ధర్నాకు కూర్చున్న కూలీల దగ్గర ప్రభుత్వ ఉత్తర్వు ఏదీ లేదు. సరిగ్గా ఏడాది కిందటి ‘దైనిక్ నవజ్యోతి’ పత్రిక కత్తిరింపు ఒకటి ఉంది. స్థానిక అభివృద్ధి పనులకు సంబంధించిన పత్రాల నకళ్లు ప్రజలకు ఇస్తామని ముఖ్యమంత్రి భైరోన్ సింగ్ షెకావత్ శాసనసభలో చెప్పిన మాటను ఆ పత్రిక అచ్చువేసింది. ఏడాది గడిచినా ఆ మాట కాగితం మీద ఉత్తర్వుగా మారలేదు. మాట ఇచ్చారనడానికి ఊళ్లవాళ్లు చూపించగలిగింది ఆ పత్రిక ముక్కనే.

వలస పాలన పోయాక మనకు ఓటు వచ్చింది, రాజ్యాంగం వచ్చింది, ఫైలు మాత్రం దొరల కాలం నాటి బీరువాలోనే ఉండిపోయింది. 1923 నాటి అధికార రహస్యాల చట్టం నేటికీ రద్దు కాలేదు. పల్లెలో కూలీల మస్టరు, అంటే హాజరు పట్టీ, దేశరహస్యమేమీ కాదు కదా అనవచ్చు. నిజమే, కానీ చట్టం కన్నా దాని నుంచి పుట్టిన అలవాటు గట్టిది: అడిగినవాడిని అనుమానించడం, ఇవ్వకపోవడాన్ని విధి నిర్వహణగా భావించడం.

ఐఏఎస్ ఉద్యోగం వదులుకున్న అరుణా రాయ్, శంకర్ సింగ్, నిఖిల్ డే 1987లో దేవ్‌డుంగ్రీ అనే పల్లెలో మట్టి ఇంట్లో కాపురం పెట్టారు. 1990 మే 1న వారి చొరవతో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీ రైతుల సంఘం ఏర్పడింది. బ్యావర్‌లో ధర్నాకు కూర్చున్నది ఈ సంఘమే. కరువు పనుల్లో కనీస వేతనం ఎందుకు ఇవ్వరని కూలీలు నిలదీస్తే, చేసిన పని కొలతకు సరిపోలేదన్నదే జవాబు. ఆ కొలత ఎక్కడ రాశారో చూపమంటే కుదరదనేవారు. 1994 డిసెంబరు 2న కోట్ కిరానా అనే ఊళ్లో తొలి జన్‌సున్‌వాయి, అంటే బహిరంగ విచారణ, జరిగింది. సంపాదించిన లెక్కలను ఊరి నడుమ పైకి చదవడం, ఆ పేర్లవాళ్లనే నిజమా కాదా చెప్పమనడం, అంతే ఆ ప్రక్రియ. చనిపోయినవారు తట్టలు మోసినట్టు, వలసపోయినవారు కూలి తీసుకున్నట్టు ఇలాంటి సభల్లోనే బయటపడింది. ఆ దొంగలెక్కలను పట్టుకున్నది పత్రికలు కాదు, తమ పేర్లు తాము విన్న కూలీలు. ఈ ఘనతను మా వృత్తివాళ్లు అప్పుడప్పుడు తమ ఖాతాలో రాసుకుంటారు కాబట్టి చెబుతున్నాను.

అయితే బ్యావర్ ధర్నా నలభై రోజులు సాగినప్పుడు, హిందీ దినపత్రిక ‘జనసత్తా’ వ్యవస్థాపక సంపాదకుడు ప్రభాష్ జోషి వంటివారు దాన్ని ఢిల్లీ పాఠకులకు వినిపించకపోయి ఉంటే, ‘హమారా పైసా, హమారా హిసాబ్’ (మా డబ్బు, మా లెక్క) అన్న నినాదం ఆ జిల్లా దాటేదని నేననుకోను. ఆ ఏడాదే సమాచార హక్కు కోసం జాతీయ ప్రచార సంఘం ఏర్పడింది, జస్టిస్ పి.బి. సావంత్ అధ్యక్షతన ప్రెస్ కౌన్సిల్ బిల్లు ముసాయిదా తయారీలో పాలుపంచుకుంది. ఇందులో పత్రికల స్వార్థం కూడా ఉంది. ఫైలు అందకపోతే విలేఖరి అధికారి దయాదాక్షిణ్యాల మీద బతకాలి. ఆ స్వార్థమూ కూలీ అవసరమూ ఒకేచోట కలవడం వల్లనే పని జరిగింది. 2002లో పార్లమెంటు చేసిన సమాచార స్వేచ్ఛ చట్టం అమలులోకే రాలేదు (రహస్యాలు విప్పే చట్టాన్ని కూడా బీరువాలోనే పెట్టారన్నమాట). 2005 అక్టోబరు 12న అమలులోకి వచ్చిన సమాచార హక్కు చట్టం తన 22వ సెక్షనులో 1923 చట్టాన్ని పేరు పెట్టి మరీ పక్కకు నెట్టింది.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపు ఇచ్చే 8(1)(జె) నిబంధనను కుదించి, వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క మాటతో తిరస్కరించే వీలు కల్పించింది. ప్రజాప్రయోజనం కోసం వెల్లడించే 8(2) ఇంకా ఉంది కానీ, దాన్ని వాడాలా వద్దా అన్నది సమాచారం ఇచ్చే అధికారి ఇష్టం. సంపాదకుల సంఘాలూ పౌరసంఘాలూ మళ్లీ ఒకే వైపు నిలబడి అభ్యంతరం చెప్పాయి. మస్టరులో పేర్లు తప్ప ఇంకేముంటాయి?

ఆ పేర్లను పైకి చదవడం ఎలా ఉంటుందో నేను ఒకసారి చూశాను. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. రాజస్థాన్ అనుభవం నుంచి నేర్చుకున్న సామాజిక తనిఖీ, అంటే పనుల లెక్కలను ఊరివాళ్ల ముందే సరిచూడడం, మన రాష్ట్రంలో ప్రభుత్వ ఏర్పాటుగానే సాగింది. సుమారు పన్నెండేళ్ల కిందట ఆ జిల్లాలోనే ఒక మండలంలో ఆ తనిఖీ ఫలితాలను పైకి చదివే ప్రజావేదికకు వెళ్లాను. షామియానా కింద తనిఖీ చేసిన కుర్రాడు మస్టరు చదువుతుంటే ఒక ముసలావిడ లేచి, ‘ఆ వారం నేను బెంగళూర్లో కొడుకు కాడ ఉంటి సార్, పనికి యాడ పోతి?’ అంది. వేలిముద్ర ఉందని ఫీల్డ్ అసిస్టెంటు కాగితం చూపించాడు. ఆమె నవ్వి, ‘నేను సంతకం చేస్తాను నాయనా, వేలిముద్ర ఏయను’ అని, పెన్ను అడిగి తీసుకుని తన పేరు మెల్లగా కూడబలుక్కుంటూ రాసి చూపించింది. షామియానా కింద కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మర్నాడు జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త వచ్చింది. ఫొటోలో వేదిక మీద కూర్చున్న అధికారులు ఉన్నారు.