లిస్బన్ ఒప్పందంపై ఒక అధ్యాయం: నా అనుభవం

ఎం.ఫిల్. సిద్ధాంత వ్యాసం మూడో అధ్యాయానికి నేను ఎంచుకున్న ప్రశ్న ఒక్కటే: 2009 డిసెంబరు 1న అమల్లోకి వచ్చిన లిస్బన్ ఒప్పందం యూరోపియన్ యూనియన్ విదేశాంగ విధానాన్ని ఎంతవరకు మార్చింది? మొదటి చిక్కు ఒప్పంద పాఠంలోనే ఎదురైంది. అది పాత ఒప్పందాలను సవరించే పత్రం కనుక, ఫలానా అధికరణంలో ఫలానా మాటలకు బదులు ఇవి చేర్చాలన్న వాక్యాలే పుటల కొద్దీ ఉన్నాయి. సవరణలన్నీ కలిపి ప్రచురించిన పాఠాన్నీ, పాత, కొత్త అధికరణాల సంఖ్యలను జతపరిచే పట్టికనూ పక్కపక్కన పెట్టుకున్నాకే చదువు సాగింది.

18వ అధికరణం నన్ను బాగా ఆకట్టుకుంది. అంతకుముందు విదేశాంగ వ్యవహారాల్లో సభ్యదేశాల మండలి తరఫున ‘ఉన్నత ప్రతినిధి’ హోదాలో హవియెర్ సొలానా మాట్లాడుతుండగా, సహాయ నిధులూ, ఢిల్లీతో సహా పలు రాజధానుల్లోని కార్యాలయాలూ యూనియన్ కార్యనిర్వాహక సంస్థ అయిన కమిషన్ చేతిలో ఉండేవి. కొత్త ఒప్పందం ఉన్నత ప్రతినిధికే కమిషన్ ఉపాధ్యక్ష పదవినీ, విదేశాంగ మంత్రుల మండలి అధ్యక్షతనూ అప్పగించింది. ఆ బాధ్యతలను మొదట క్యాథరిన్ ఆష్టన్ చేపట్టారు. 2011 జనవరి నుంచి యూనియన్ సొంత దౌత్య సేవ పనిచేయసాగింది. ఇక యూనియన్‌ది ఒకే గొంతు అని నేను ఉత్సాహంగా రాసి ఇచ్చాను.

మా గైడ్ గారు ఆ ప్రతిని తిరిగి ఇస్తూ, 31వ అధికరణం చదివి రమ్మన్నారు. విదేశాంగ నిర్ణయాలు సాధారణంగా ఏకగ్రీవంగానే జరగాలన్న పాత నియమం అందులో చెక్కుచెదరలేదు. ఒప్పుకోని దేశం ఓటు వేయకుండా తప్పుకొని మిగతావాటిని ముందుకు పోనిచ్చే వెసులుబాటు ఉన్నా, ఒక్క దేశం గట్టిగా కాదంటే నిర్ణయం ఆగిపోతుంది. ఒప్పందానికి జతపరిచిన 13వ ప్రకటన మరీ స్పష్టం: సొంత విదేశాంగ విధానాన్ని రూపొందించుకోవడంలో సభ్యదేశాల బాధ్యతలకు ఈ మార్పుల వల్ల భంగం కలగదు. ఈ ప్రకటనలు చివరన ఉంటాయి కనుక నేను అక్కడిదాకా వెళ్లనే లేదు.

ఆ తరువాత 2012 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో పాలస్తీనాకు పరిశీలక రాజ్య హోదాపై జరిగిన ఓటింగును దేశం వారీగా రాసుకున్నాను. యూనియన్‌లోని 27 దేశాల్లో 14 అనుకూలంగా ఓటు వేశాయి, 12 తటస్థంగా ఉన్నాయి, చెక్ రిపబ్లిక్ వ్యతిరేకించింది. ఉన్నత ప్రతినిధి పదవి కొత్త రూపం దాల్చి అప్పటికి మూడేళ్లు.

అధ్యాయాన్ని మళ్లీ మొదటి నుంచి రాశాను. ఈసారి 2009తో కాక, లిస్బన్‌కు ముందు యూనియన్ కోసం రూపొందించిన రాజ్యాంగ ఒప్పందాన్ని ఫ్రాన్స్, నెదర్లాండ్స్ ప్రజలు తిరస్కరించిన 2005తో ప్రారంభించాను. ఎందుకంటే అందులోని ‘విదేశాంగ మంత్రి’ అన్న పేరే లిస్బన్‌లో ‘ఉన్నత ప్రతినిధి’గా మారింది.