మద్ది చెట్టు దగ్గర తప్పిన లెక్క

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో ఉన్న మా ఊరికి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారుచేసేటప్పుడు, ఊరి చుట్టూ ఉన్న నేలను అక్కడ పెరిగే మొక్కలను బట్టి అడవి, తుప్పలు, చిత్తడి అని విడదీసే పని నాకు అప్పగించారు. ఊళ్ళోని మొక్కలు, జీవుల వివరాలను 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం రాసే పుస్తకమిది. ఫారాలేమో మరాఠీలో, చెట్ల పేర్లేమో మా నోట తెలుగులో ఉండటంతో మొదటి వారంలోనే చిక్కు వచ్చింది.

చెట్ల కోసం పది మీటర్ల చదరం, పొదల కోసం అందులో అయిదు మీటర్లు, గడ్డి కోసం ఒక మీటరు తాడుతో గుర్తుపెట్టి, ఏ మొక్క ఎంత నేలను కప్పిందో రాసుకునేవాణ్ణి. వాగు గట్టున ఉన్నదాన్నీ, గుట్ట వాలున ఉన్నదాన్నీ ‘మద్ది’ అనే రాయడంతో వాగు గట్టు కాస్తా టేకు అడవిలో కలిసిపోయింది. రెండోసారి వెళ్ళి బెరడు తడిమి చూస్తే గాని తప్పు తెలియలేదు. గుట్ట మీది నల్లమద్ది బెరడు మొసలి వీపులా గళ్లుగళ్లుగా పగిలి ఉంది. వాగు ఒడ్డున తెల్లమద్ది నున్నగా, బూడిద తెలుపుగా, పొరలు ఊడుతూ ఉంది. మరాఠీవారు మొదటిదాన్ని ఐన్ అనీ, రెండోదాన్ని అర్జున్ అనీ అంటారు కనుక వారికి ఈ తికమక ఉండదు. నల్లమద్ది టేకు, తునికిలతో ఆకురాల్చే పొడి అడవిలో చేరుతుంది. తెల్లమద్ది నేరేడుతో కలిసి వాగు అంచుకు వేరే పట్టీ అవుతుంది.

టేకు నరికిన మోళ్ల నుంచి మనిషి తల ఎత్తున పిలకలు లేచిన చోట మరో సందేహం కలిగింది: దీన్ని అడవి అనాలా, తుప్ప అనాలా? భారత అటవీ సర్వే లెక్కలో చెట్ల కప్పు (కొమ్మలు, ఆకులు పైనుంచి నేలను కప్పే మేర) 10 శాతం లోపు ఉన్న అటవీ భూమిని తుప్పగా చూస్తారు. ఆకులన్నీ రాలిన మే నెలలో కప్పును అంచనా కట్టడం నాదే పొరపాటు కాబట్టి, ఆ గళ్ళు ఖాళీగా వదిలి ఆగస్టులో నింపాను.

అన్నిటికంటే ఎక్కువ రోజులు తీసుకున్నది ఊరి చెరువు. ఎండాకాలంలో అది నెర్రెలిచ్చిన బూడిదరంగు మట్టి మాత్రమే, పశువులు తిరుగుతున్నాయి. దాన్ని బీడు అని రాయబోతుంటే, మేకలు కాస్తున్న తాత ఒకరు “గడ్డలు తవ్వి చూడు బిడ్డా” అన్నారు. ఖుర్పీతో జానెడు లోతు తవ్వితే తుంగ గడ్డలు బయటపడ్డాయి: పైన నల్లటి పొట్టు, లోపల తెల్లగా, ఘాటైన వాసన. తుంగ ఒక్కటే ఉంటే చాలదు, అది పొలంలోనూ వస్తుంది. కానీ పక్కనే నీరుగొబ్బి ఎండు ముళ్లకాడలు, కాస్త లోపలికి జమ్ము మోళ్ళు కనిపించాయి. ఈ మూడూ కలిసి ఉన్న నేల ఏటా నెలల తరబడి నీటిలో మునుగుతుందని అర్థం.

సాగునీటికని మనుషులు తవ్విన చెరువులు 2017 నాటి చిత్తడి నేలల నియమాల పరిధిలోకి రావు. రిజిస్టరులో మాత్రం మొక్కలు చెప్పినట్టే చిత్తడి అని రాశాను. అంచు గీత గీయడానికి అక్టోబరులో మళ్ళీ వెళితే, మేలో మేం నిలబడిన చోట మోకాలి లోతు నీరు, దాని మీద కలువలు ఉన్నాయి. తుంగ ఆగి తంగేడు మొదలయ్యే చోట రాయి పెట్టి, అక్కడి నుంచి గీత గీశాను.