96 కిలోల మనిషికి ఎంత మందు?

ఎడమ కాలు మోకాలిదాకా ఎర్రగా పొంగి, వణుకుతో జ్వరం వచ్చి విశాఖలోనే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేరాను. పేరు రాయను. సెల్యులైటిస్ అన్నారు, అంటే చర్మం లోపలి పొరల్లో ఇన్ఫెక్షన్, ఇన్ఫెక్షన్ రక్తంలోకీ పాకిందన్నారు. అడ్వాన్సులు, స్కాన్లు, సంతకాలు అందరూ పడేవే. ఏ క్రిమో పెంచి చూసే కల్చర్‌లో స్టాఫ్ అనే మొండి బ్యాక్టీరియా వచ్చింది. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు, ఒక గ్రాము, 12 గంటలకోసారి.

జ్వరం తగ్గలేదు. ఒక రాత్రి బీపీ పడిపోయింది. సెలైన్ మీద సెలైన్ ఎక్కించారు. వేళ్లు ఉబ్బిపోయి, సబ్బు రాసినా పెళ్లి ఉంగరం రాక కటింగ్ ప్లేయరుతో కత్తిరించారు. నేను నిద్రపోతున్నాననుకుని డ్యూటీ డాక్టరు సిస్టర్‌తో అన్నాడు: "ఇంత ఒళ్లుంటే మందు ఎక్కడికని చేరుతుంది?" సిస్టర్ నవ్వింది. మా ఆయన పక్కనే ఉన్నారు, తల దించుకున్నారు. ఆ నవ్వు ఇప్పటికీ చెవిలోనే ఉంది.

తెల్లారేసరికి మా మరిది పోట్లాడి మహారాణిపేట వైపు ఇంకో ఆస్పత్రికి మార్పించాడు. అక్కడి పెద్ద డాక్టరమ్మ మొదట అడిగింది, "అమ్మా, మీ బరువెంత?" అప్పటిదాకా ఎవరూ తూచలేదు! 96 కిలోలు. తర్వాతి డోసుకు ముందు రక్తం తీసి అందులో మందు లెవెల్ చూపించారు, తక్కువే ఉంది.

ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఈ మందు ఎక్కువగా ఒంట్లోని నీళ్లలో పరుచుకుంటుందట. ఇన్ఫెక్షన్ ముదిరితే సన్న రక్తనాళాల్లోంచి నీరు కండల్లోకి కారుతుంది, పైగా సెలైన్. చెంబుడు నీళ్లకు సరిపోయే ఉప్పు గుండిగలో చప్పగా అయిపోయినట్టే. తీవ్రమైన ఇన్ఫెక్షన్లో, లావుగా ఉన్నవాళ్లకు మొదటి డోసే కిలోకి 20 నుంచి 25 మిల్లీగ్రాములు ఉండాలట. అంటే నాకు రెండు గ్రాముల చుట్టూ. నాకు పడింది కిలోకి పది చిల్లర మిల్లీగ్రాములే. ఆ డ్యూటీ డాక్టరు సగం నిజమే చెప్పాడన్నమాట, మిగతా సగం లెక్క కట్టడం ఆయన పని.

పక్క బెడ్ ముసలమ్మకు మందు అదే, కానీ కిడ్నీలు నీరసం. ఒంట్లోంచి త్వరగా పోదు కాబట్టి ఆవిడకు డోసుల మధ్య ఎడం ఎక్కువ. నాకు పెంచినప్పుడు మా వదిన "బిల్లు కోసమే" అని గొణిగింది. డోసు పెంచాక కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా నాకు రోజూ చేశారు. మందు ఎక్కువైతే కిడ్నీలకే దెబ్బట. అందుకే మీ అంతట మీరు డోసు పెంచమని అడగకండి. బరువు తూచి కేస్ షీట్‌లో రాయమని మాత్రం అడగండి. కిడ్నీ జబ్బుంటే ముందే చెప్పండి.

మార్గశిర గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి మా అత్తగారి మొక్కు తీర్చాం. డాక్టరమ్మకూ పసుపు కుంకుమ ఇచ్చాను. మొదటి ఆస్పత్రిలో కేస్ షీట్ కాపీ కోసం అర్జీ పెట్టాను. రికార్డ్ సెక్షన్లో "సార్ సంతకం కావాలి" అంటున్నారు. మళ్లీ వెళ్తాను.